ఫినాలే కొండబాటలు ఇంకా ఎందుకున్నాయి

(మ్యూనిక్‌లో తెలుగు సైక్లిస్టుల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? సరే.

ఇవాళ మాట్లాడబోయేది ఇటలీలో ఫినాలే అనే ఊరి కొండల మీద సైకిల్ తొక్కే బాటల గురించి. నన్ను పిలిచినవాళ్లు ఫోన్‌లో ఒక్కటే అడిగారు. "ఫినాలేలో ఏ ట్రయిల్ బాగుంటుంది, ఏ టైర్ వేసుకోవాలి, అవి చెప్పేయండి చాలు" అన్నారు. చెప్తాను, కాకపోతే చివర్లో. ట్రయిల్ పేర్లు, రేటింగులు యాప్‌లో వెతికితే రెండు నిమిషాల పని. యాప్‌లో కనబడని సంగతి ఒకటుంది. అసలు ఆ బాటలు ఇంకా మిగిలి ఉండటమే వింత. ఏటా వేలమంది బ్రేకులు నొక్కుకుంటూ దిగే బాటలవి. అక్టోబరు, నవంబరు వచ్చాయంటే ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసే కొండలవి. పైగా చాలాచోట్ల అది ఎవరో ఒకరి సొంత భూమి. ఈ మూడూ ఒకచోట చేరితే బాట వాగైపోవాలి, లేదా దానికి అడ్డంగా కంచె పడాలి. ఫినాలేలో చాలామటుకు ఈ రెండూ జరగలేదు. ఎందుకు జరగలేదో చెప్పుకుందాం అని వచ్చాను.

ముందు ఊరు చూద్దాం. ఇటలీలో లిగూరియా అనే ప్రాంతం ఉంది. ఫ్రాన్స్ సరిహద్దు నుంచి టస్కనీ దాకా సముద్రాన్ని ఆనుకుని సన్నటి పట్టీలా వంగి ఉంటుంది. మధ్యలో జెనోవా నగరం. దానికి పడమరగా, సవోనా జిల్లాలో ఉంటుంది ఫినాలే లిగూరే. ఆల్ప్స్ ఎక్కడ ముగిసి అపెన్నైన్ కొండలు ఎక్కడ మొదలవుతాయంటే, భూగోళం పుస్తకాల్లో ఇదే జిల్లాలోని కాదిబోనా కనుమను చూపిస్తారు. ఫినాలే దానికి ఇవతల, ఆల్ప్స్ వైపు ఉంది. అంటే ఇక్కడ మ్యూనిక్ దగ్గర మనం ఎక్కే ఆల్ప్స్‌కి అది రెండో కొస అనుకోండి. ఆ కొస వచ్చి సముద్రంలో దిగిపోతుంది.

దిగడమంటే మెల్లగా కాదు. ఊరి నుంచి వ్యాన్ ఎక్కితే అరగంటా నలభై నిమిషాల్లో వెయ్యి మీటర్ల పైకి తీసుకెళ్లి వదిలేస్తారు. షటిల్ ఆగే చోటుని అందరూ బేస్ నాటో అంటారు. కోల్డ్ వార్ రోజుల్లో అక్కడ నాటో వాళ్ల రేడియో కేంద్రం ఉండేది. ఇప్పుడు ఆ కట్టడాలు పాడుబడి ఉన్నాయి, చుట్టూ గాలిమరలు తిరుగుతుంటాయి. ఇంకాస్త దూరంలో మెలోన్యో కనుమ, 1,028 మీటర్లు. అక్కడ 19వ శతాబ్దపు కోట ఒకటి రోడ్డుని మింగేసినట్టు నిలబడి ఉంటుంది, వాహనాలు దాని మధ్యలోంచే పోవాలి. చుట్టుపక్కల ఎత్తయిన కొండ మోంతే కార్మో, 1,389 మీటర్లు. ఆకాశం తేటగా ఉన్న శీతాకాలపు పొద్దున సముద్రం మీద కార్సికా దీవి కూడా కనబడుతుంది.

అక్కడి నుంచి దిగుతుంటే మూడు దేశాలు దాటినట్టుంటుంది. పైన బీచ్ అనే జాతి చెట్ల అడవి, సముద్రపు బీచ్ కాదు. మెత్తటి నల్లమట్టి, దాని మీద జానెడు మందాన ఎండుటాకులు. ఇక్కడ బవేరియాలో తొక్కినట్టే ఉంటుంది. మధ్యలో చెస్ట్‌నట్ తోటలు, మెట్ల పొలాలు, పాత ఊళ్లు. కిందికొచ్చేసరికి సున్నపురాయి. చెట్లు పోయి పొదలు మొదలవుతాయి. రోజ్‌మేరీ, థైమ్, జూనిపర్, ఎర్రటి కాయలు కాసే ఆర్బుటస్. టైరు అంచు రోజ్‌మేరీ పొదని రాసుకుంటే ఆ వాసన జెర్సీకి పట్టుకుని సాయంత్రం దాకా వదలదు. ఇక ఆ సున్నపురాయి మామూలు రాయి కాదు. ఒకప్పటి సముద్రపు అడుగు అది. దగ్గరికెళ్లి చూస్తే గవ్వలు, ఆల్చిప్పలు రాయిలో ఇరుక్కుని కనబడతాయి. ఎండినప్పుడు టైరు దానికి అతుక్కుపోతుంది. తడిస్తే మాత్రం, టైర్లు అరగదీసి నున్నగా చేసిన చోట, నిలబడటమే కష్టం.

ఆ రాయిలోనే గుహలు కూడా ఉన్నాయి. కప్రాజోప్పా అనే కొండకొమ్ము మీద ఆరెనే కాందిదే గుహ ఉంది. 1942లో అక్కడ ఒక కుర్రాడి సమాధి బయటపడింది. తలమీద వందల గవ్వలతో చేసిన టోపీ, చేతిలో పొడవాటి చెకుముకి కత్తి. ఇరవై వేల ఏళ్ల కిందటికంటే పాతది. మనం సైకిలేసుకుని వెళ్లి "కొత్త ట్రయిల్ కనిపెట్టాం" అంటుంటే నాకు నవ్వొచ్చేది అందుకే. అక్కడ కొత్త బాటలు తక్కువ. ఉన్నవి పాత బాటలు, వాడేవాళ్లు మారారు.

ఎవరెవరు వాడారో చూడండి. క్రీస్తుపూర్వం 13లో అగస్టస్ చక్రవర్తి వియా జూలియా అగస్టా అనే రోడ్డు వేయించాడు. అది ఫినాలే వెనక ఉన్న వాల్ పోంచి లోయలోంచి పోతుంది. ఆ లోయలో రోమన్ వంతెనలు వరసగా ఉన్నాయి. వాటిలో బాగా నిలిచింది పోంతే దెల్లె ఫాతె, అంటే దేవకన్యల వంతెన. కింద వాగు ఎండిపోయి ఉంటుంది, వంతెన మాత్రం నిన్న కట్టినట్టు ఉంటుంది. ఆ పక్కనుంచే సైకిళ్లు పోతుంటాయి.

తర్వాత దెల్ కర్రెత్తో వంశం వాళ్లు ఈ ఊరు కేంద్రంగా చిన్న రాజ్యం ఏలారు. 1602లో స్పెయిన్ వాళ్ల చేతికొచ్చింది. మిలాన్ అప్పటికే స్పెయిన్‌ది, దానికి సముద్రపు రేవు కావాలి, అందుకని ఫినాలే. 1666లో స్పెయిన్ రాజకుమారి మార్గరీటా తెరేసాకి పెళ్లి, అత్తవారిల్లు వియన్నా. ఆమె ఓడ దిగింది ఫినాలేలోనే. ఆమె పరివారం కొండదాటి మిలాన్ వైపు వెళ్లడానికి గాస్పరే బెరెత్తా అనే ఇంజనీరు ప్రత్యేకంగా ఒక రోడ్డు వేశాడు. స్త్రాదా బెరెత్తా అని ఇప్పటికీ అంటారు, ముక్కలు ముక్కలుగా మిగిలి ఉంది. పెళ్లికూతురి పల్లకీ కోసం వేసిన వాలు కాబట్టి మరీ నిట్టనిలువుగా లేదు. మన మోకాళ్ల అదృష్టం.

రాజులవి పోగా, అసలైన బాటలు కంచర గాడిదలవి. సముద్రం నుంచి ఉప్పు, ఆలివ్ నూనె పైకి. అటునుంచి ధాన్యం, చెస్ట్‌నట్లు, బొగ్గు కిందికి. బొగ్గు కాల్చేవాళ్లు అడవిలో గుండ్రంగా చదును చేసుకున్న జాగాలు ఇప్పటికీ ట్రయిల్ పక్కన కనబడతాయి, మట్టి అక్కడ ఒక్కసారిగా నల్లగా మారుతుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జనం కొండ దిగి తీరంలో ఫ్యాక్టరీలకీ హోటళ్లకీ వెళ్లిపోయారు. పొలాలు పడావు పడ్డాయి. బాటలు ముళ్లపొదల్లో కలిసిపోయాయి. 1960ల చివర రాక్ క్లైంబింగ్ వాళ్లు వచ్చారు, రాతి గోడల దాకా వెళ్లేందుకు కొన్ని బాటలు తెరిచారు. వాళ్ల వెనకాలే సైకిళ్లు. 1999లో లే మానియె పీఠభూమి మీద 24 గంటల రేసు మొదలైంది, సముద్రానికి ఎగువన టెంట్లు వేసుకుని రాత్రంతా తొక్కడం. 2013లో ఎండ్యూరో వరల్డ్ సిరీస్ పెట్టినప్పుడు ఆ మొదటి సీజన్ ఆఖరి రేసు ఫినాలేలోనే. తర్వాత కూడా చాలా ఏళ్లు అక్కడే సీజన్ ముగిసేది. ఎండ్యూరో తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: ఎక్కేటప్పుడు టైం లెక్కపెట్టరు, చెప్పిన వేళకి పైకి చేరితే చాలు. దిగేటప్పుడు స్టేజీలవారీగా టైం వేస్తారు, అన్నీ కలిపి ఎవరిది తక్కువైతే వాళ్లది గెలుపు. శామ్ హిల్ అనే ఆస్ట్రేలియా రైడర్ 2017, 18, 19 వరసగా మూడేళ్లు సిరీస్ గెలిచాడు. అదీ కాళ్లు పెడల్‌కి బిగించుకోకుండా, మామూలు ఫ్లాట్ పెడళ్లతో. రేసుల గురించి ఇంతకంటే నేను మాట్లాడను. ఆ వీడియోలు మీరందరూ చూసే ఉంటారు.

ఇప్పుడు అసలు విషయం. వాన.

మధ్యధరా వాతావరణం అంటే మనకి గుర్తొచ్చేది ఎండ, నీలి సముద్రం. వేసవంతా ఎండే. జూన్ నుంచి ఆగస్టు దాకా చుక్క పడదు అన్నట్టుంటుంది, మట్టి పిండిగా మారుతుంది. టైరు పోతే పొగలా లేస్తుంది. ఆ పిండి మీద, వేసవంతా కాగి కాగి వెచ్చబడ్డ సముద్రం నుంచి, శరత్కాలంలో వాన పడుతుంది. ఎలాగంటే, దక్షిణం నుంచి తేమ గాలి వస్తుంది. ఉత్తరాన పో నది మైదానం నుంచి చల్లగాలి కనుమల్లోంచి జారి సముద్రం మీదికొస్తుంది. రెండూ తీరం దగ్గర ఢీకొంటాయి. వెనకాల కొండ అడ్డం. మేఘానికి పోయే దారి లేదు, ఉన్నచోటే గంటల తరబడి కురుస్తుంది. 2021 అక్టోబరు 4న జెనోవా వెనక ఉన్న రొస్సిల్యోనె అనే ఊళ్లో 12 గంటల్లో 740 మిల్లీమీటర్లు పడింది. హైదరాబాద్‌లో ఏడాది పొడుగునా పడే వాన ఇంచుమించు 800. అదే రోజు, ఫినాలే ఉన్న సవోనా జిల్లాలోనే, మోంతెనొత్తె దగ్గర ఆరు గంటల్లో 496 మిల్లీమీటర్లు. ఈ మోంతెనొత్తె 1796లో నెపోలియన్ ఇటలీ దండయాత్రలో మొదటి విజయం సాధించిన చోటు. చరిత్ర పుస్తకాల్లో ఆ పేరు అందుకే ఉంటుంది. సైకిల్ బాటలు చూసుకునేవాళ్లకి మాత్రం వాన లెక్కతోనే గుర్తు.

అంత నీరు బాట మీదికి వస్తే ఏమవుతుంది? నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు కదా. నిజం సంగతి దేవుడికి వదిలేద్దాం, ట్రయిల్ పనివాళ్లకి మొదటి సగం చాలు. బాట కొండవాలుకి నేరుగా కిందికి పోతుంటే, నీటికి అదే దగ్గరి దారి. ఒకసారి బాటలోకి దిగిందంటే మళ్లీ బయటికి రాదు. వేగం పుంజుకుంటుంది, ముందు సన్నమట్టిని తీసుకుపోతుంది, తర్వాత గులకరాళ్లని, చివరికి గాడి పడుతుంది. గాడి పడ్డాక తర్వాతి వాన ఆ గాడిలోనే పోతుంది. రెండేళ్లలో మోకాలి లోతు కాలవ. రైడర్లు ఏం చేస్తారు? పక్కనుంచి పోతారు. అప్పుడు పక్కన ఇంకో గాడి.

దీనికి విరుగుడు ప్రపంచంలో బాటలు వేసే అందరికీ తెలిసిందే, ఫినాలే వాళ్లు కనిపెట్టింది కాదు. బాట కొండకి అడ్డంగా, ఏటవాలుగా పోవాలి. కొండవాలు ఎంతుందో బాట వాలు అందులో సగానికి మించకూడదు. కొండ 20 శాతం వాలుంటే బాట 10 లోపే. అది దాటితే నీరు అడ్డంగా దాటిపోకుండా బాట వెంట పారుతుంది. ఇక బాటకి బయటి వైపు కాస్త వాటం ఇవ్వాలి. మేస్త్రీలు డాబా మీద వాన నిలవకుండా వాటం ఇస్తారే, అదే. మీటరు వెడల్పుకి ఐదు సెంటీమీటర్లు చాలు. మధ్యమధ్యలో బాటని పల్లంలోకి దింపి మళ్లీ కొంచెం పైకి లేపాలి. రైడర్‌కి అది సరదాగా ఉంటుంది, పొట్టలో గిలిగింత పెడుతుంది. నీటికి మాత్రం అక్కడితో ప్రయాణం సమాప్తం, ఆ పల్లం దగ్గర పక్కకి దిగి అడవిలోకి పోవాల్సిందే.

ఇదంతా కొత్తగా వేసే బాటకి బాగుంటుంది. ఫినాలేలో చిక్కేమిటంటే, ముందే చెప్పాను, అవి పాత బాటలు. కంచర గాడిద నిట్టనిలువుగా ఎక్కగలదు, దాని యజమానికి త్వరగా ఇంటికి చేరాలి. అందుకని బాట నేరుగా పోతుంది. కాకపోతే ఆ కాలం వాళ్లు తెలివితక్కువ వాళ్లేం కాదు. బాటలో రాళ్లు పరిచారు, ప్రతి కొంతదూరానికి ఒక వరస అడ్డరాళ్లు ఏటవాలుగా పాతారు. నీరు వాటికి తగిలి పక్కకి పోతుంది. వందేళ్లు ఎవరూ చూడక ఆ అడ్డరాళ్ల వెనక మట్టీ ఆకులూ పేరుకుపోయాయి. ట్రయిల్ పనిలో సగం కొత్తగా చేసేదేం ఉండదు. ఆ పూడిక తీయడమే.

ఒక ఉదయం ఆ పని దగ్గరుండి చూశాను, కొంచెం చేశాను కూడా. చెస్ట్‌నట్ చెట్ల మధ్య ఎడమ మలుపు. మలుపుకి ముందు అందరూ బ్రేకు వేసే చోట నేలంతా గతుకులు. పనికి పెద్ద ఒక రిటైరైన ఆయన. అరవై దాటి ఉంటాయి, నిక్కరు, రబ్బరు బూట్లు, భుజాన గడ్డపార. మేం ఐదుగురం పలుగులతో గతుకులు తవ్వబోతుంటే ఆగమన్నాడు. సీసాలోంచి నీళ్లు మలుపుకి పది అడుగులు పైన మెల్లగా పోశాడు. పోసి, చేతులు నడుం మీద పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. నీరు కాసేపు బాట అంచున పాకింది, ఒక వేరు దగ్గర ఆగింది, ఆగి బాట మధ్యలోకి తిరిగింది. "అదిగో" అన్నట్టు ఆ వేరు చూపించాడు. గతుకుల దగ్గర కాదు, ఆ వేరు దగ్గర తవ్వాం. అంచున పేరుకున్న మట్టి కట్ట తీసేస్తే నీరు బయటికి పోయే సందు దొరికింది. రెండు అడుగుల వెడల్పు, అరగంట పని. తర్వాత మళ్లీ సీసా. ఈసారి నీరు సందులోంచి పోయింది. అప్పుడు గతుకులు సరిచేయనిచ్చాడు. ఆ సందు అడుగు వెడల్పు మాత్రమే తీద్దామని మాలో ఒకరన్నారు. ఆయన పక్కన పడి ఉన్న ఎండుటాకుల గుప్పెడు తీసి ఆ జాగాలో పెట్టి చూపించాడు. అడుగు వెడల్పయితే నవంబరులో మొదటి గాలికే మూసుకుపోతుంది. రెండడుగులైతే నీరే ఆకుల్ని తోసుకుపోతుంది.

ఈ పనికి కాలం ఉంది. వేసవిలో నేల ఇటుకలా ఉంటుంది, పలుగు దిగదు, తవ్విన మట్టి కుదురుకోదు. వానలు పడ్డాక ఆలస్యమైనట్టే. సెప్టెంబరులో ఒకటి రెండు చినుకులు పడి నేల పదునెక్కుతుంది చూడండి, అదే అదను. మన రైతులకి చెప్పక్కర్లేదు ఈ సంగతి.

అలాగే రాతిగోడలు. లిగూరియా కొండలంతా మెట్ల పొలాలు. ఆ మెట్లు నిలబడేది సున్నం, సిమెంటు లేకుండా పేర్చిన రాతిగోడల మీద. మా మదనపల్లె వైపు చేలో ఏరిన రాళ్లతో గట్లు కడతారు, చూడటానికి అలాగే ఉంటాయి, కాకపోతే ఇవి ఛాతీ ఎత్తు, కొండ పొడవునా. సిమెంటు లేకపోవడం పేదరికం వల్ల వచ్చిన లోపం కాదు, నీరు రాళ్ల సందుల్లోంచి కారిపోవాలి. సిమెంటు గోడ వెనక నీరు నిలిచి, ఒత్తిడికి గోడ మొత్తం ఒకేసారి కూలుతుంది. ఈ పేర్చే విద్యని 2018లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు, ఇటలీతో సహా ఎనిమిది దేశాలు కలిసి అడిగాయి. ఫినాలేలో చాలా ట్రయిళ్లు ఈ గోడల మీదుగానో, గోడల మధ్య సందులోంచో పోతాయి. గోడ మీంచి జంప్ చేస్తే వీడియో బాగా వస్తుంది. పై వరస రాయి ఒకటి కదులుతుంది. ఆ చలికాలం వానకి అక్కడ్నించి పొట్ట ఉబ్బి గోడ జారుతుంది. అలా జారిన చోట్లు నేను చూశాను. కింద ఆలివ్ చెట్టు ఉన్న రైతుకి ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఆ రైతు దగ్గరికే వస్తున్నాను.

మనకి బవేరియాలో అడవిలో, కొండల్లో తిరిగే హక్కు రాజ్యాంగంలోనే రాసి ఉంది, 141వ అధికరణం. పక్క రాష్ట్రం బాడెన్-వుర్టెంబెర్గ్‌లో రెండు మీటర్ల కంటే సన్నటి అడవి బాటలో సైకిల్ తొక్కకూడదని చట్టం. ఏదైనా రూలు రూలే. ఇటలీలో అంత తేటగా ఉండదు. ఫినాలే కొండల్లో భూమి తరతరాలుగా పంచుకుని పంచుకుని ముక్కలైపోయింది. ఒక్క ట్రయిల్ ఎంతమంది పొలాల్లోంచి పోతుందో లెక్క తీయడమే ఒక ఉద్యోగం. యజమాని ఒకాయన తూరిన్‌లో, ఇంకొకాయన అర్జెంటీనాలో. వాళ్లకి సైకిళ్ల మీద ద్వేషం లేదు. భయం ఉంది. ఇటలీ సివిల్ కోడ్‌లో 2051వ అధికరణం ప్రకారం, నీ ఆధీనంలో ఉన్న వస్తువు వల్ల ఎవరికైనా హాని జరిగితే బాధ్యత నీదే, అనుకోని ఘటన అని నువ్వు రుజువు చేసుకోగలిగితే తప్ప. నా పొలంలో ఎవడో కుర్రాడు పడి భుజం విరగ్గొట్టుకుంటే నేను కోర్టు చుట్టూ తిరగాలా అని వాళ్ల టెన్షన్. న్యాయమైన ప్రశ్న.

అందుకని అక్కడ పని రెండు చేతులతో జరుగుతుంది. ఒక చేత్తో పలుగు, ఇంకో చేత్తో కాగితాలు. చుట్టుపక్కల మునిసిపాలిటీలు, హోటళ్లు, షటిల్ వాళ్లు, గైడ్లు, సైకిల్ షాపుల వాళ్లు ఒక తాటి మీదికొచ్చి ఫినాలే ఔట్‌డోర్ రీజియన్ అనే పేరుతో పనిచేస్తున్నారు. ఏ బాట అధికారికం, ఎవరి అనుమతి ఉంది, ఎవరు బాగుచేస్తారు, ఇవన్నీ దాని కింద నడుస్తాయి. హోటళ్లవాళ్లు ఎందుకు కలిశారంటే లెక్క సులభం. ఆగస్టులో ఊరు కిటకిటలాడుతుంది, ఎవరూ అక్కర్లేదు. సెప్టెంబరు దాటితే బీచ్ ఖాళీ. పియాజియో విమానాల ఫ్యాక్టరీ ఆ ఊళ్లో వందేళ్లకి పైగా ఉండేది, అదీ అల్బెంగా వైపు తరలిపోయింది. అక్టోబరు నుంచి మే దాకా గదులు నింపేది మనలాంటి వాళ్లమే. ఇక్కడ ఆల్ప్స్ మంచులో మునిగి ఉంటే అక్కడ చొక్కా మీద తొక్కొచ్చు. మురికి సైకిల్ గదిలోకి తెచ్చుకోనిస్తారంటే అది ప్రేమ అనుకోకండి. జనవరి నెల అది.

నా అభిప్రాయం అడిగితే, రాసిన చట్టం కంటే ఈ బేరం మెరుగ్గా నడుస్తోంది. చట్టం ఉన్నచోట "నాకు హక్కుంది" అని తొక్కేస్తాం. అనుమతి మీద నడిచేచోట కొంచెం ఒళ్లు దగ్గర పెట్టుకుంటాం. కాకపోతే బేరం ఎప్పుడైనా తెగుతుంది, అది దాని బలహీనత. తెగ్గొట్టేది ఎక్కువగా మూడు పనులు. తడిగా ఉన్నప్పుడు తొక్కడం ఒకటి. యాప్‌లో ఎవడో పెట్టిన దొంగ ట్రయిల్ పట్టుకుని పొలంలోకి దూరడం రెండోది. మూడోది వలలు. నవంబరు నుంచి ఆలివ్ కాయలు రాలే కాలం. చెట్ల కింద నేలంతా వలలు పరుస్తారు, కొన్నిచోట్ల బాట మీద కూడా. దిగి, సైకిల్ ఎత్తి, దాటాలి. వల మీంచి బొడిపెల టైరు పోతే ఆ దారాలు చక్రానికి చుట్టుకుంటాయి, వల చిరుగుతుంది, కాయలన్నీ కిందికి దొర్లుతాయి. పైనుంచి ఎవరో ఇటాలియన్‌లో ఏదో అంటారు. అది నమస్కారం మాత్రం కాదు. (నవ్వులు)

వేటగాళ్ల సంగతి కూడా చెప్పాలి. సివిల్ కోడ్ 842 ప్రకారం కంచె లేని పొలంలోకి వేటగాడు రావచ్చు, యజమాని వద్దనలేడు. సైకిలిస్టుకి లేని హక్కు తుపాకీ పట్టినవాడికుంది, అదో తమాషా. సెప్టెంబరు మూడో ఆదివారం నుంచి జనవరి చివరి దాకా సీజన్. అడవి పందుల కోసం గుంపుగా వస్తారు, కుక్కలతో. మంగళవారం, శుక్రవారం మాత్రం దేశమంతటా వేట నిషేధం, 1992 చట్టం. కాబట్టి ఆ రెండు రోజులూ పైన అడవి ట్రయిళ్లు పెట్టుకోండి. మిగతా రోజుల్లో బోర్డు కనిపిస్తే, కుక్కల గంటలు వినిపిస్తే, వాళ్లతో మాట్లాడి దారి మార్చుకోండి. జెర్సీ మాత్రం గోధుమరంగుది వేసుకోకండి.

ఇక బ్రేకుల గురించి ఒక చిన్న లెక్క. ఇంజనీర్లు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి ఊరుకోలేను. మనిషీ సైకిలూ కలిపి 100 కిలోలు అనుకుందాం. వెయ్యి మీటర్లు దిగితే 9.8 లక్షల జౌళ్లు. మూడు లీటర్ల చన్నీళ్లు మరిగించడానికి సరిపడా శక్తి. అది ఎక్కడికో పోవాలి. కొంత గాలికి, కొంత డిస్కు వేడికి. వెనక చక్రం బిగుసుకుపోయి జారిందనుకోండి, ఆ వాటా నేలకి పోతుంది. జారే చక్రం సన్నమట్టిని ఊడ్చి మలుపు బయటికి తోస్తుంది, రాళ్లు తేలతాయి, నెక్స్ట్ వచ్చినవాడికి గతుకులు. ముందు బ్రేకు మీద నమ్మకం పెంచుకోండి, మలుపుకి ముందే వేగం తగ్గించండి. మీ బ్రేకు ప్యాడ్లు అరిగితే కొనుక్కోవచ్చు. ఈ-బైకులు వచ్చాక ఇది ఇంకా పెరిగింది. 250 వాట్ల మోటారు తప్పేం చేయదు, వేగం గంటకి 25 కిలోమీటర్లు దాటితే ఆగిపోతుంది కూడా. కాకపోతే రోజుకి రెండుసార్లు దిగేవాడు ఐదుసార్లు దిగుతున్నాడు. బాటకి అది రెండున్నర రోజులు.

సరే, ఇక మీ ప్రశ్నలు.

(ప్రశ్న: మొదటిసారి వెళ్లేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?)

మొదటి రోజు షటిల్ ఎక్కకండి. లే మానియె పీఠభూమి మీద చుట్టు వేయండి, వాల్ పోంచిలోకి దిగి వంతెనలు చూడండి, ఆ రాయి ఎలా ఉంటుందో చేతులకి తెలుస్తుంది. రెండో రోజు పైకెళ్లి బేస్ నాటో, రోలర్ కోస్టర్ లాంటివి, వీలైతే లోకల్ గైడ్‌తో. వరిగొత్తి వైపు సముద్రంలోకి దూకేటట్టు దిగే బాటలు మూడో రోజుకి ఉంచండి. టైర్ అడిగారు కదా. మందం పక్కగోడ ఉన్న ట్యూబ్‌లెస్, వెనక చక్రానికి లోపల రబ్బరు ఇన్సర్ట్. ఆ సున్నపురాయి అంచులు బ్లేడుల్లా ఉంటాయి. రోటర్లు, అంటే బ్రేకు డిస్కులు, 200 మిల్లీమీటర్లవి. కారులో ఇక్కడ్నించి ఏడెనిమిది గంటలు. రైలైతే జెనోవా వెంతిమిల్యా లైన్‌లో ఊరి పేరుతోనే స్టేషన్.

(ప్రశ్న: వెజిటేరియన్లకి ఏమైనా దొరుకుతుందా?)

ఈ ప్రశ్న రాకపోతే నేను తెలుగువాళ్ల మీటింగ్‌లో లేనట్టే. (నవ్వులు) ఫరినాతా అడగండి. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. పెద్ద రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. మిరియాలు దండిగా చల్లించుకోండి. ఫొకాచ్చా రొట్టె ప్రతి వీధిలో ఉంటుంది. పెస్తో అని బేసిల్ ఆకుతో నూరే పచ్చడి ఉంది, దాని పుట్టిల్లు లిగూరియానే. కాకపోతే అందులో వేసే పర్మెజాన్ జున్నుకి పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్ వాడతారు, బాగా నియమం పాటించేవాళ్లు జున్ను లేకుండా చేయించుకోండి.

(ప్రశ్న: వాన పడి ఎన్ని గంటలకి తొక్కొచ్చు?)

గంటలు చెప్పలేం, నేలని బట్టి ఉంటుంది. కింద సున్నపురాయి త్వరగా ఆరుతుంది, ఎండ కాస్తే మర్నాటికి బాగుంటుంది. పైన బీచ్ చెట్ల నీడలో తడి రోజుల తరబడి ఉంటుంది. నేను చూసేది ఒక్కటే, టైరు గుర్తు అచ్చు పడి అలాగే నిలిచిపోతోందంటే ఆ రోజు ఆ బాట వద్దు. సివిల్ ప్రొటెక్షన్ వాళ్లు పసుపు, నారింజ, ఎరుపు అలర్టులు ఇస్తారు. నారింజ ఉంటే కొండకి పోకండి, వాగుల్లో కారు కూడా ఆపకండి.

(ప్రశ్న: ఆ ట్రయిల్ పనికి మనం కూడా వెళ్లొచ్చా?)

భేషుగ్గా వెళ్లొచ్చు. సెప్టెంబరు చివర్లో పనిరోజులు పెడుతుంటారు. ముందుగా పేరు రాయించుకోవాలి, ఇన్సూరెన్స్ కోసం. ఇటాలియన్ రాకపోయినా పర్లేదు, పని చూపిస్తారు. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా అయిపోతుంది, తర్వాత తిండి వాళ్లదే. పార, పలుగు, గడ్డపార అన్నీ వాళ్ల దగ్గరుంటాయి. గ్లవ్స్ మాత్రం మీవి తీసుకెళ్లండి, తోలువి. వాళ్లిచ్చేవి అప్పటికే ముళ్లకి చిల్లులు పడి ఉంటాయి.